అమ్మకి వాడిన విటమిన్ డి 60,000 యూనిట్ల గోళీలు

అమ్మకి 71 ఏళ్లు, మెట్లెక్కాలంటే గోడ పట్టుకునేది, తొడలు లాగేస్తున్నాయని రాత్రిళ్లు నిద్రపోయేది కాదు. టెస్ట్ చేయిస్తే విటమిన్ డి 11 వచ్చింది, 20 కంటే తక్కువుంటే లోపం కిందే లెక్క. డాక్టరు గారు వారానికి ఒకటి చొప్పున 8 వారాలు రాశారు. గోళీ చిన్నదే, మెత్తగా ఉంటుంది, లోపల నూనె కనిపిస్తుంది, మింగడానికి ఏం ఇబ్బంది పడలేదు. ఇది కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి మధ్యాహ్నం నెయ్యి వేసుకుని అన్నం తిన్నాక ఇచ్చేవాళ్లం. రెండో నెలకి నొప్పులు బాగా తగ్గాయి, గోడ వదిలేసింది. ప్రాణం లేచొచ్చింది నాకు.

నాకు కోపమొచ్చింది ఒక్కదానికే. మందుల షాపతను కవరు మీద "రోజుకొకటి" అని రాసిచ్చాడు! చీటీతో సరిచూసుకున్నాం కాబట్టి సరిపోయింది, అలా రోజూ వేసుకుంటూ పోతే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, నీరసం, చివరికి కిడ్నీలకే ముప్పు. పెద్దవాళ్లకి ఇచ్చేటప్పుడు ప్రతి ఆదివారం అని క్యాలెండర్‌లో టిక్ పెట్టండి, దయచేసి.

లోపం లేనివాళ్లు ఊరికే కొనకండి. అమెరికాలో 25 వేల మందికి పైగా పాల్గొన్న వైటల్ అధ్యయనంలో రోజూ 2,000 యూనిట్లు వేసుకున్నా ఎముకలు విరగడం తగ్గలేదని 2022లో తేలింది. పక్కింటి పిన్నిగారు అడిగితే కూడా ముందు టెస్ట్ చేయించుకోమనే చెప్పాను.