తోట ప్లాన్ గీసిచ్చే ఆన్‌లైన్ సర్వీసు: త్రీడీ బొమ్మకి డబ్బు దండగ, కొలతల షీటు బంగారం

ఇంటి చుట్టూ ఉన్న ఖాళీ జాగాకి ఆన్‌లైన్‌లోనే ప్లాన్ గీసిచ్చే సర్వీసు ఒకటి తీసుకుని, ఆ ప్లాన్ ప్రకారం పని కూడా చేయించాక రాస్తున్న రివ్యూ ఇది. కంపెనీ పేరు పెట్టట్లేదు, ఎందుకంటే మెచ్చుకోవాల్సినవి ఎన్నున్నాయో వాయించాల్సినవీ అన్నే ఉన్నాయి, పైగా ఇలాంటి పని ఎవరితో చేయించుకున్నా చూసుకోవాల్సిన విషయాలు ఇవే. చదివే ఓపిక లేనివాళ్లకి ముందే చెప్పేస్తా: వాళ్లు పంపే ఫైళ్లలో చూడగానే నోరూరించేది త్రీడీ బొమ్మ, దానివల్ల ఉపయోగం దాదాపు సున్నా. అసలు సరుకంతా నలుపు తెలుపు కొలతల షీటులో ఉంది, దాన్ని మాత్రం ప్రకటనల్లో ఎక్కడా చూపించరు.

పద్ధతి సింపులే. మనం జాగా కొలతలు, ఫొటోలు పంపాలి, ఒక పొడవాటి ఫారం నింపాలి, తర్వాత డిజైనర్‌తో వీడియో కాల్, ఆపైన మొదటి డ్రాఫ్టు, మనం చెప్పే మార్పులు, చివరికి ఫైనల్ ఫైళ్లు. ఆ ఫారం దగ్గరే నాకు వీళ్లమీద గురి కుదిరింది. ఏ పూలు ఇష్టం, ఏ రంగు ఇష్టం అని మొదలెడతారనుకుంటే అదంతా చివర్లో ఎక్కడో ఉంది. ముందు అడిగింది ఏంటంటే, తోటని రోజూ ఎక్కువసేపు ఎక్కణ్ణుంచి చూస్తారు, వంటింటి కిటికీలోంచా, వరండాలో కూర్చునా, గేటు తీస్తూనా? చెత్తడబ్బా, బట్టలారేసే తీగ, నీళ్ల మోటారు, సైకిలు ఎక్కడ పెడతారు? వాన పడితే నీళ్లు ఎక్కడ నిలుస్తాయి? నీళ్లు పోసేది ఎవరు, వారానికి ఎంత టైం పెట్టగలరు? ఈ చివరి ప్రశ్నకి ఇంట్లో ఒక్కొక్కళ్లు ఒక్కోలా చెప్పారు, కాసేపు చిన్న గొడవ కూడా నడిచింది. మొత్తానికి వారంలో ఒక పూటకి మించి కుదరదని రాసి పంపితే, డ్రాఫ్టులో లాన్‌ని సగానికి కోసేసి మిగతా చోట నేలని కప్పేసే మొక్కలు పెట్టారు. గడ్డి కొయ్యడం, కలుపు తియ్యడం ఎంత చాకిరీయో తెలిసినవాళ్లు ఈ ఒక్క మార్పుకే దణ్ణం పెడతారు.

కొలతలు ఎలా తీసుకోవాలో చెప్పే వీడియో కూడా బాగుంది. ఉన్న చెట్టుని కాగితం మీద సరైన చోట పెట్టడం ఎలాగో అందులో చూశాక ఇంకెవర్నీ అడగక్కర్లేదు: ఇంటి ఒక మూలనుంచి చెట్టు దాకా టేపు, రెండో మూలనుంచి అదే చెట్టు దాకా మళ్లీ టేపు, కాగితం మీద ఆ మూలలనుంచి ఆ దూరాలతో కంపాస్ తిప్పితే గీతలు కలిసే చోటే చెట్టు. స్కేలు 1:50, అంటే కాగితం మీద 2 సెంటీమీటర్లు నేలమీద ఒక మీటరు. కిటికీల అడుగు ఎత్తు, కుళాయిలు, మ్యాన్‌హోల్ మూతలు కూడా గుర్తు పెట్టమంటారు. మూత మీద పూలమడి వేసి తర్వాత దాన్నే తవ్వుకునే కర్మ పట్టదు.

ఇక షీటు. దారి అంటే మామూలుగా గేటునుంచి గుమ్మానికి ఒక గీత గీసేసి ఊరుకుంటారు. వీళ్లు ఇద్దరు పక్కపక్కన నడిచే ముఖ్యమైన దారికి 1.2 మీటర్లు, తోపుడుబండి తిరగాల్సిన చోట 90 సెంటీమీటర్లు, మడుల మధ్య ఒక మనిషి వెళ్లేదానికి 60 అని మూడు రకాలుగా వేశారు. మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు, అడుగు పెట్టే వెడల్పు 35. రెండు ఎత్తులూ ఒక వెడల్పూ కలిపితే 65 దగ్గరికి రావాలన్నది లెక్కట, ఆ తేడా దిగుతున్నప్పుడు కాలికే తెలుస్తుంది. కూర్చునే చోటు దగ్గర మా ఇంట్లోవాళ్లు చిన్నది చాలన్నారు, డిజైనర్ ఒప్పుకోలేదు. టేబులూ నాలుగు కుర్చీలూ పడితే సరిపోదు, కుర్చీ వెనక్కి జరిపి లేవాలి, దాని వెనకనుంచి ఇంకో మనిషి వెళ్లాలి, కాబట్టి 3 మీటర్లకి 3 మీటర్లు తగ్గించనని పట్టుబట్టారు. ఇప్పుడు సాయంత్రమైతే అందరూ అక్కడే ఉంటున్నారు.

నాకు బాగా నచ్చినవి మాత్రం పైకి కనిపించని రెండు విషయాలు. ఒకటి వాలు. ఇంటి గోడనుంచి బయటికి మీటరుకి 2 సెంటీమీటర్ల చొప్పున నేల దిగాలని షీటంతా చిన్న చిన్న బాణాలు వేసి చూపించారు, మేస్త్రీ ఆ బాణాలు చూడగానే లెవెల్ పైపు తెప్పించి పని మొదలెట్టాడు, లేకపోతే కంటి లెక్కతో పోయేదే. రెండోది, దారి బండలు వెయ్యకముందే వాటి కింద అడ్డంగా ఖాళీ పీవీసీ గొట్టాలు పాతమన్నారు. డ్రిప్పు పైపో లైటు వైరో ఎప్పుడు అవతలికి తీసుకెళ్లాలన్నా అందులోంచి దూర్చేయడమే, బండ పగలగొట్టక్కర్లేదు. గొట్టం రెండు చివర్లకీ మూతలు బిగించి, ఎక్కడున్నాయో షీటు మీద గీతతో గుర్తు పెట్టారు. ఖర్చు చూస్తే ఏమీ లేదు, కానీ ఎవరైనా చెప్తే తప్ప తట్టని విషయం.

అందం సంగతికొస్తే, డిజైనర్‌కి చూపు ఉంది. ప్రహరీ అవతల ఒక పెద్ద చెట్టుంది, మనది కాదు. గోడవార అంతా వరసగా పొదలు పెట్టి మూసెయ్యకుండా, ఆ చెట్టు ఉన్న చోట పొదల ఎత్తు తగ్గించి ఖాళీ వదిలారు, దాంతో ఆ చెట్టు కూడా మన తోటలోదే అనిపిస్తుంది, తోట చివర ఎక్కడో కూడా తెలీదు. జపాన్ తోటల్లో షక్కెయ్ అంటారే, బయటి దృశ్యాన్ని అరువు తెచ్చుకోవడం, అదే ఇది. పూలమడిలో రంగులు కూడా కలగాపులగంగా పెట్టలేదు, చివర్లలో నీలం, తెలుపు, బూడిద రంగు ఆకులు, మధ్యకి వచ్చేసరికి పసుపు, నారింజ, ఎరుపు. ఇది ఇంగ్లండ్‌లో గెర్‌ట్రూడ్ జీకిల్ (1843-1932) తన సొంత తోటలో చేసి చూపించిన పద్ధతి, ఆవిడ ముందు బొమ్మలు వెయ్యడం నేర్చుకున్న మనిషి. ఒక రకం మొక్క ఒక్కటొక్కటిగా చల్లినట్టు కాకుండా మూడేసి, ఐదేసి గుంపుగా పెట్టడం వల్ల కూడా నర్సరీలో సామాను దించినట్టు కాకుండా ఒక తోటలా కనిపిస్తోంది.

ఇప్పుడు తిట్లు. మొదటిది నీడ. త్రీడీ బొమ్మలో సూర్యుడు ఎప్పుడూ నడినెత్తిన ఉంటాడు, తోటంతా వెలిగిపోతుంటుంది. చలికాలంలో సూర్యుడు కిందికి దిగితే ఏం జరుగుతుందో ఆ బొమ్మ చెప్పదు. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే గోడ నీడ గోడంత పొడుగు, అదే 30 డిగ్రీలకి దిగితే గోడకి 1.7 రెట్లు. మొదటి డ్రాఫ్టులో గులాబీలు తీసుకెళ్లి సరిగ్గా ఆ నీడ పడే పట్టీలో పెట్టారు, గులాబీకేమో రోజుకి ఆరు గంటలన్నా నేరుగా ఎండ తగలాలి. నేను పట్టుకుని అడిగాక అటు నీడలో పెరిగే ఫెర్నులు పెట్టి గులాబీలని ఎదుటి వైపుకి మార్చారు, అడక్కపోతే అలాగే ఫైనల్ అయ్యేది. సూర్యుడి దారి చూపించే యాప్‌లు ఫోన్లో బోలెడున్నాయి, డ్రాఫ్టు రాగానే చేత్తో పట్టుకుని జాగాలో తిరిగి ఒక్కో మడి దగ్గరా చూసుకోండి.

రెండోది మొక్కల మధ్య దూరం, దీనికి కూడా తప్పంతా ఆ బొమ్మదే. బొమ్మ నిండుగా కనిపించాలి కదా, అందుకని పెరిగిన పొదల్ని ఒకదాన్నొకటి తాకేలా పెడతారు, ఆ దూరాన్నే షీటులోకి దించేస్తారు. మొక్కల లిస్టులో ఒక పొద పెరిగాక 1.5 మీటర్ల వెడల్పు అవుతుందని వాళ్లే రాశారు, షీటులో మాత్రం అవి 60 సెంటీమీటర్లకి ఒకటి! మొక్కలమ్మే వాళ్లకి పండగే, రెండేళ్లు తిరిగేసరికి సగం పీకెయ్యాల్సిందే. చూసుకోవడం తేలిక: ఒకే రకం రెండు మొక్కల నడుమ దూరం కొలవండి, లిస్టులో ఉన్న పెరిగాక వెడల్పుకి దగ్గరగా ఉండాలి. గోడ దగ్గరైతే ఆ వెడల్పులో సగమన్నా వదలాలి. మొదట్లో బోసిగా ఉంటుందనుకుంటే ఆ ఖాళీల్లో బంతి, జీనియా లాంటి సీజన్ పూలు వేసుకుంటే సరి, పొద పెరిగేకొద్దీ అవి వాటంతటవే తప్పుకుంటాయి.

ఆ బొమ్మ గురించి ఇంకొక్క ముక్క. అది ఎప్పుడూ పిట్ట చూపులో, ఆకాశంలోంచి చూసినట్టు ఉంటుంది. అక్కణ్ణుంచి మన తోటని చూసేది ఎవరండీ? కావాలంటే గుమ్మంలో నిలబడ్డ మనిషి కంటి ఎత్తునుంచి, వంటింటి కిటికీలోంచి చూసినట్టు ఇమ్మని అడగండి. ఇవ్వనంటే దిగులేం లేదు, నేలమీదే చూసుకోవచ్చు: వంపు దారి రావాల్సిన చోట హోస్‌పైపు పరిచి, మడుల అంచులు సున్నం పొడితో గీసి, చెట్టు రావాల్సిన చోట అంత ఎత్తు కర్ర పాతి, లోపలికెళ్లి కిటికీలోంచి చూడండి. మా దగ్గర అలా చూసినప్పుడే చెట్టు కిటికీకి సరిగ్గా అడ్డం వస్తోందని తెలిసి ఒక మీటరు పక్కకి జరిపించాం.

మట్టి గురించి వీళ్లకి అస్సలు పట్టింపు లేదు. ఫారంలో ఇసుక నేలా, బంక నేలా అని ఒక డ్రాప్‌డౌన్ పెట్టి చేతులు దులుపుకున్నారు. రోజ్‌మెరీని తీసుకెళ్లి కుళాయి పక్కన, జాగాలో అన్నిటికంటే పల్లంగా ఉన్న చోట పెట్టారు, వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే అది బతుకుతుందా? ఫారం నింపేముందే ఈ పని మీరే చేసుకోండి. గాజు సీసాలో మూడోవంతు మట్టి, పైన నీళ్లు పోసి బాగా కుదిపి వదిలెయ్యండి, ఇసుక నిమిషంలో అడుక్కి దిగుతుంది, ఒండ్రు కొన్ని గంటలకి, బంకమట్టికి ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పొరలు చూస్తే ఏది ఎంతుందో తెలిసిపోతుంది. అలాగే 30 సెంటీమీటర్ల లోతు గొయ్యి తీసి నీళ్లు నింపి, ఇంకాక మళ్లీ నింపి, గంటకి ఎంత దిగిందో స్కేలు పెట్టి చూడండి. 2.5 సెంటీమీటర్లు కూడా దిగకపోతే ఆ సంగతి డిజైనర్‌కి గట్టిగా చెప్పి, ఎత్తు మడులు అడగండి.

సర్వీసు పరంగా చూస్తే, మాట్లాడేటప్పుడు డిజైనర్ మంచిగానే ఉంటారు, ఈమెయిల్‌కి జవాబిచ్చేవాళ్లే వేరే లోకం. గులాబీల నీడ గురించి అడిగిన ప్రశ్నని కూడా ప్యాకేజీలో ఉన్న మార్పుల లెక్కలో వేసేశారు! వాళ్ల తప్పు దిద్దుకోవడానికి మన కోటా ఏంటని వాదించాక వెనక్కి తగ్గారు. ఏది మార్పు కిందికి వస్తుంది, ఏది రాదు అన్నది డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా తీసుకోండి. పని వరస చెప్పే పేజీ మాత్రం చక్కగా ఉంది, ముందు వాలు, మురుగు కాలవలు, తర్వాత గొట్టాలు, ఆపైన దారులు, గోడలు, అవన్నీ అయ్యాక చెట్లు, పొదలు, అన్నిటికంటే ఆఖరున లాన్. ఒకేసారి డబ్బు పెట్టలేనివాళ్లు ఆ వరసలో ఎక్కడైనా ఆగి మళ్లీ మొదలెట్టొచ్చు.

ప్యాకేజీల్లో షీటు, మొక్కల లిస్టు ఉన్న చిన్నది తీసుకోండి, త్రీడీ ఉన్న పెద్దదానికి పోకండి. మేడమీద తోట కావాలనుకునేవాళ్లు మాత్రం అసలు ఈ సర్వీసు జోలికే వెళ్లొద్దు. ఫారంలో టెర్రస్ అని టిక్ పెట్టే వీలుంది కానీ, పెట్టినా బరువు గురించి ఒక్క ప్రశ్న కూడా రాదు. తడిసిన మట్టి ఘనపు మీటరుకి టన్నున్నర దాటుతుంది, 30 సెంటీమీటర్ల లోతు మడి అంటే చదరపు మీటరుకి అరటన్ను దాకా స్లాబు మోయాలి. ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిపించి స్లాబు చూపించండి, ఆయన ఎంత బరువు పెట్టొచ్చంటే దానికి తగ్గ కుండీల సైజు తేల్చుకుని, ఆ తర్వాతే డిజైనర్ ఎవరా అని వెతుక్కోండి.