కదిలే షేరు ధరల చార్టు: మ్యాట్‌ప్లాట్‌లిబ్ మేలా, ప్లాట్‌లీ మేలా?

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషతో షేరు ధరల చార్టును కదిలించాలనుకునేవారు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది: మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోని ఫంక్‌యానిమేషన్ వాడాలా, ప్లాట్‌లీ ఫ్రేములు వాడాలా? మ్యాట్‌ప్లాట్‌లిబ్, ప్లాట్‌లీ రెండూ చార్టులు గీసే ఉచిత లైబ్రరీలే; ఫంక్‌యానిమేషన్, ఫ్రేములు వాటిలో చార్టును కదిలించే సాధనాలు. మామూలు గీత చార్టు గీయడం వచ్చినవారికి రెండూ త్వరగానే పట్టుబడతాయి. కాబట్టి నేర్చుకోవడంలోని సులువును పక్కనపెట్టి, తయారైన చార్టు చూసేవారికి ఎలా కనిపిస్తుందన్న దాన్ని బట్టి ఎంచుకోవడం మంచిది.

మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో చివరికి చేతికి వచ్చేది వీడియో. వీడియోలు తయారుచేసే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాము ఉంటే ఎంపీ4, చిత్రాల కోసం వాడే పిల్లో అనే పైథాన్ లైబ్రరీ ఉంటే గిఫ్ తయారవుతుంది. అయిదేళ్ల రోజువారీ ముగింపు ధరలు సుమారు 1,260 ఉంటాయి; రోజుకొక ఫ్రేము చొప్పున, సెకనుకు 30 ఫ్రేముల వేగంతో నడిపితే అది 42 సెకన్ల వీడియో అవుతుంది. ప్లాట్‌లీ ఇచ్చేది హెచ్‌టీఎంఎల్ పుట. చూసేవారు స్లైడరు జరిపి కావలసిన తేదీ దగ్గర ఆగవచ్చు, గీతపై మౌసు ఉంచి ఆ రోజు ధర చదవవచ్చు. ఇలా మౌసు ఉంచి ధర చదివే సౌకర్యం వీడియోలో ఉండదు.

అయితే ప్లాట్‌లీలో గీత రోజురోజుకూ పెరుగుతున్నట్టు చూపాలంటే, సాధారణ పద్ధతిలో ప్రతి ఫ్రేమూ మొదటి రోజు నుంచి ఆనాటి వరకూ ఉన్న ధరలన్నిటినీ మోయాలి. పైన చెప్పిన 1,260 రోజులకు ఆ బిందువులు మొత్తం 7,94,430 అవుతాయి, పుట బరువెక్కి బ్రౌజరు తడబడుతుంది. పూర్తి గీతను ఒక్కసారే ఇచ్చి, ఫ్రేములలో అడ్డ అక్షం హద్దును మాత్రమే జరుపుతూ పోతే ఈ భారం దాదాపు తొలగిపోతుంది.

నా దృష్టిలో తీర్పు చెప్పవలసింది మాత్రం నిలువు అక్షం. కదిలే చార్టు చూసేవారు అంకెలు చదవరు. గీత ఎంత నిటారుగా లేచిందో చూసి పెరుగుదలను అంచనా వేస్తారు. అక్షాన్ని మొదటి ఫ్రేములోనే చివరి గరిష్ఠానికి సరిపడేలా బిగిస్తే, 20 దగ్గర మొదలైన గీతకు పైన 300 వరకూ ఖాళీ కనిపించి, ధర ఎక్కడికి చేరబోతోందో ముందే తెలిసిపోతుంది. తొలి ఏళ్ల ఒడిదుడుకులన్నీ అడుగున అంటుకుపోతాయి. అలాగని ప్రతి ఫ్రేములో అప్పటి గరిష్ఠానికి తగ్గట్టు అక్షాన్ని మార్చేస్తే, ధర కొత్త ఎత్తు తాకిన ప్రతిసారీ పాత గీతంతా ఒక్క కుదుపుతో కిందికి కుంగుతుంది, పెరిగిన క్షణంలోనే పడిపోయినట్టు కంటికి తోస్తుంది. ఇప్పటి హద్దుకూ చేరవలసిన హద్దుకూ మధ్య దూరంలో పదోవంతు చొప్పున మాత్రమే ఫ్రేము ఫ్రేముకూ జరపడం, గీత పైఅంచు దాటకుండా రాబోయే కొద్ది రోజుల ధరలను కూడా లెక్కలోకి తీసుకోవడం దీనికి సరైన విరుగుడు.

ఫంక్‌యానిమేషన్ ప్రతి ఫ్రేముకూ మనం రాసిన ఫంక్షన్‌నే పిలుస్తుంది కనుక ఈ పని అందులో రెండు మూడు వరుసలలో ముగుస్తుంది. తెరమీద చూసేటప్పుడు బ్లిట్‌ను (మారిన భాగాలను మాత్రమే తిరిగి గీసే అమరికను) ఆపి ఉంచాలి, లేకపోతే అక్షంపై అంకెలు మారవు. ప్లాట్‌లీలో చార్టులను తక్కువ కోడ్‌తో గీసే భాగమైన ప్లాట్‌లీ ఎక్స్‌ప్రెస్ తనంతట తాను హద్దులు మార్చదు. ప్రతి ఫ్రేము లేఅవుట్‌లో (అక్షాల వంటి అమరికలు ఉండే చోట) ముందే లెక్కించిన హద్దును పెట్టవచ్చు గానీ, చూసేవారు స్లైడరును ఒక ఏడాది నుంచి మరో ఏడాదికి దూకించిన వెంటనే ఆ నెమ్మది కదలిక వృథా అవుతుంది. అందుకే ధర ప్రయాణాన్ని కథగా చూపదలచినవారికి నేను మ్యాట్‌ప్లాట్‌లిబ్‌నే సూచిస్తాను. తేదీ తేదీనీ నిలిపి పరిశీలించవలసిన నివేదికకైతే ప్లాట్‌లీ తగినది.

ధర ఎన్నో రెట్లు పెరిగిన షేరుకు లాగ్ అక్షం (సమాన రెట్లకు సమాన ఎత్తు ఇచ్చే అక్షం) వాడితే పై సమస్య చాలావరకు తగ్గుతుంది, ఎందుకంటే 10 నుంచి 20కి, 100 నుంచి 200కి ఒకే ఎత్తు వస్తుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్, ప్లాట్‌లీ రెండింటిలోనూ ఆ వీలుంది.

గణిత యానిమేషన్ల కోసం వాడే పైథాన్ లైబ్రరీ మానిమ్‌తో చాలా అందమైన కదలిక వస్తుంది, కానీ ఒక్క ధర గీత కోసం అంత శ్రమ అక్కరలేదు. వెబ్ పుటలలో చార్టులు గీసే డీ3 లైబ్రరీ మాత్రం జావాస్క్రిప్ట్ భాష బాగా వచ్చినవారికి.

దేనిని ఎంచుకున్నా స్ప్లిట్‌లకు (ఒక షేరును ఎక్కువ షేర్లుగా విడగొట్టడానికి) సవరించిన ధరలనే వాడాలి. 2024 జూన్‌లో ఎన్‌విడియా షేరు ఒకటికి పదిగా విడిపోయింది. సవరించని ధరలతో గీస్తే, మదుపరి సొమ్ము పైసా తగ్గని ఆ రోజున గీత తొంభై శాతం కూలినట్టు కనిపిస్తుంది.