కుక్కలున్న హాలుకు రంగు: కింది మూడడుగుల సంగతి ముందు చూడండి

కుక్కలున్న ఇంట్లో హాలుకు రంగులు వేయించాలనుకునేవాళ్లు షేడ్ కార్డు తెరిచే ముందు గోడ కింది మూడడుగులు ఒకసారి పరీక్షగా చూడాలి. కుక్క ఆనుకునేది అక్కడే, రుద్దుకునేది అక్కడే, తడిసొచ్చి ఒళ్లు దులిపేదీ అక్కడే. ఆ పైన మీకు నచ్చిన ఏ రంగైనా నడుస్తుంది. కింద మాత్రం ముందు ఫినిషు, అంటే ఆరాక రంగుకు ఎంత మెరుపుండాలో తేల్చుకుని, తర్వాత రంగు దగ్గరికి వెళ్లాలి. మా హాలుకు కింద షీన్ ఎమల్షన్ (కాస్త మెరిసే, నీళ్లతో కలిపే రంగు), పైన మ్యాట్ ఎమల్షన్ (మెరుపు లేనిది) వేయించాం. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాయి కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను, అది డబ్బు పెట్టదగ్గ పనే.

మాది విశాఖ పక్క మధురవాడ. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్లకు ఇటువైపు మట్టి రంగు గురించి వేరే చెప్పక్కర్లేదు. ఇంటి ముందు కాస్త ఖాళీ జాగా ఉంది, అందులో మా జిమ్మీ, పండు పొద్దస్తమానం తవ్వుతూనే ఉంటారు. జిమ్మీ నల్ల లాబ్రడార్. పండు వీధిలోంచి తెచ్చుకున్న నాటు కుక్క, గోధుమ రంగు. ఒకరి వెంట్రుకలు లేత రంగు మీద కనబడతాయి, ఇంకొకరివి ముదురు రంగు మీద. మట్టేమో అన్నిటి మీదా కనబడుతుంది.

పాత గోడలకు బిల్డరు వేయించిన లేత బూడిద రంగు డిస్టెంపర్ (పొడి రాలే మామూలు గోడ రంగు) ఉండేది. సోఫాకీ టీవీ బల్లకీ మధ్యనున్న జాగా జిమ్మీది. వీపు గోడకు ఆనించి, కాళ్లు చాపి పడుకుంటాడు. అక్కడ నేల నుంచి అడుగున్నర ఎత్తున చాపంత పొడవు మచ్చ పడింది. మధ్యలో నలుపు, అంచుల్లో గోధుమ రంగు, చెయ్యి పెట్టి తడిమితే కొవ్వొత్తి రుద్దినట్టు నున్నగా ఉండేది. కుక్క ఒంట్లో సహజంగా ఊరే నూనె అది. వెంట్రుకలకు పట్టిన దుమ్ము ఆ నూనెతో కలిసి గోడకు అంటుకుంటుంది. వారం వారం స్నానం చేయించినా పూర్తిగా ఆగదు, చేయించకూడదు కూడా, చర్మం పొడిబారుతుంది. తడిగుడ్డతో తుడిస్తే డిస్టెంపర్ పొడి గుడ్డకు వచ్చేసేది, మచ్చ మాత్రం ఇంకాస్త వెడల్పయ్యేది.

దీనికి కారణం ఫినిషులో ఉంది. మ్యాట్ రంగులో రంగు పొడి వంతు ఎక్కువ, దాన్ని పట్టి ఉంచే జిగురు పదార్థం వంతు తక్కువ. అందుకే పైపొరలో కంటికి కనబడనంత సన్నటి సందులుంటాయి, జిడ్డు వాటిలోకి ఇంకిపోతుంది. గట్టిగా రుద్దితే ఆ చోటు మాత్రం మెరుగు తేలి, మచ్చ పోయినా రుద్దిన గుర్తు మిగులుతుంది. షీన్ రంగులో జిగురు ఎక్కువ, పొర మూసుకుని ఉంటుంది. మరక పైనే ఆగుతుంది, తుడిస్తే వచ్చేస్తుంది. ఏషియన్ పెయింట్స్‌లో రాయల్, బర్జర్‌లో సిల్క్, డ్యులక్స్‌లో వెల్వెట్ టచ్, నెరోలాక్‌లో ఇంప్రెషన్స్, ఇవన్నీ ఖరీదైన పై తరగతివే. నేను తీసుకున్నది ఏ కంపెనీదని చాలామంది అడుగుతున్నారు. నా మటుకు నాకు కంపెనీకీ కంపెనీకీ ఉన్న తేడా కంటే ఫినిషుకీ ఫినిషుకీ ఉన్న తేడాయే పెద్దదనిపించింది. ఏ కంపెనీకి వెళ్లినా డబ్బా మీద షీన్ అనో సిల్క్ అనో ఉందో లేదో చూసి తీసుకోండి. ఒకే పేరుతో మ్యాటూ అమ్ముతారు, షీనూ అమ్ముతారు.

దుకాణంలో మొదట చెప్పిన సలహా వేరు. "కుక్కలున్నాయంటున్నారు కదా మేడమ్, కింద మూడడుగులూ ఆయిల్ పెయింటు కొట్టించేయండి. సర్ఫు నీళ్లు పోసి కడుక్కోవచ్చు" అన్నాడు దుకాణం అబ్బాయి. మేస్త్రీ కూడా అదే మాట. "మన సర్కారు బడుల్లో అంతా అదే కదమ్మా" అన్నాడు. కడగడం మట్టుకు నిజమే. కానీ ఆయిల్ పెయింటు ఘాటు రోజుల తరబడి ఇంట్లో తిరుగుతుంది, మన ముక్కుకే పడదు, కుక్క ముక్కుకు అదెంత నరకమో ఊహించండి. లేత రంగులైతే కొన్నాళ్లకు పసుపు తిరుగుతాయి. గోడలో చెమ్మ ఉంటే పొర బుడగలు కట్టి ఊడుతుంది, సముద్రం దగ్గరి ఊళ్లలో చెమ్మ లేని గోడ ఎక్కడుంది? నీళ్లతో కలిపే ఎమల్షనే కావాలని గట్టిగా చెప్పాను. అందులోనూ వాసన తక్కువుండే రకం అడిగాను.

ఇక్కడే ఇంకో విషయం, కుక్కలున్నవాళ్లు తప్పక పట్టించుకోవాల్సింది. ఇంట్లో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదని కేంద్ర ప్రభుత్వం 2016లో నియమాలు తెచ్చింది, అవి 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంటే కొత్త డబ్బా కంటే పాత గోడ గురించే ఎక్కువ జాగ్రత్తపడాలి, ముఖ్యంగా పాత ఆయిల్ పెయింటు ఉన్న తలుపులు, కిటికీల గురించి. మేస్త్రీలు వాటిని గరుకు కాగితంతో గీకుతారు. ఆ పొడి నేల మీద పడుతుంది, కుక్క పాదాలకు అంటుతుంది, కుక్క పాదాలు నాకుతుంది. సీసం కుక్కలకూ విషమే. మా ఇంట్లో తలుపులు తడిపి గీకించాం, సాయంత్రం ఊడవకుండా తడిబట్ట పెట్టించాం, పని జరిగినన్నాళ్లూ జిమ్మీని, పండుని మేడ మీద గదిలోనే ఉంచాం. పండు కింద మేస్త్రీల గొంతులు విని ఏడ్చింది గానీ తప్పలేదు.

ఇక రంగు. షేడ్ కార్డులో ఉన్న వేలెడంత ముక్క చూసి ఏదీ తేల్చకూడదని నా గట్టి అభిప్రాయం. చిన్న సాంపిల్ డబ్బాలు తెచ్చి, ప్లైవుడ్ ముక్కల మీద రెండేసి కోట్లు వేసి, బాగా ఆరాక జిమ్మీ పడుకునే చోట వరసగా ఆనించాను. ఒక్కో ముక్క మీద మా పెరటి ఎర్రమట్టి నీళ్లు చిలకరించాను, జిమ్మీ వీపు తుడిచిన గుడ్డతో రుద్దాను. ఆరనిచ్చి చూస్తే తేడా బాగా తెలిసింది. తెలుపు సంగతి ఊహించిందే. లేత బూడిద మీద ఎర్రమట్టి చుక్కలు నారింజ రంగులో కొట్టొచ్చినట్టు కనబడ్డాయి, చల్లటి రంగు పక్కన వెచ్చటి రంగు ఎప్పుడూ అలాగే ఎగసి కనబడుతుంది. మా అబ్బాయి మనసు పడ్డ ముదురు నీలం అన్నిటికంటే కష్టం. పండు వెంట్రుకలు, దుమ్ము, ఎండిన చొంగ గీతలు, అన్నీ తెల్లగా తేలాయి. ముదురు రంగు మురికిని దాస్తుందని అందరూ అనుకుంటారు గానీ, కుక్కలున్న ఇంట్లో అది సగమే నిజం. లేత చందనం రంగు ఫర్వాలేదు. ఇటుక రంగు మీద మాత్రం మట్టి ఎక్కడ పడిందో వెతుక్కోవాల్సి వచ్చింది.

కానీ హాలంతా ఇటుక రంగు వేస్తే గది చీకటైపోతుంది. రంగు ఎంత వెలుతురును తిప్పి కొడుతుందో 0 నుంచి 100 వరకు ఒక కొలత ఉంది, ఎల్‌ఆర్‌వీ అంటారు. సున్నా అంటే కటిక నలుపు, వంద అంటే స్వచ్ఛమైన తెలుపు. ఇటుక రంగులన్నీ అందులో అడుగునే ఉంటాయి. మాకు ఒక్కటే కిటికీ, అదీ పడమర వైపు. ఏం చేయాలా అని నేను తర్జనభర్జన పడుతుంటే మా అత్తయ్య తేల్చేశారు. ఆవిడది శ్రీకాకుళం వైపు పల్లె.

"మా ఇంటి గోడలకి పైనంతా సున్నం, అడుగున జాజు పట్టీ. ఎందుకనుకున్నావు? వానకి చిమ్మిన మట్టి అందులో కలిసిపోద్దని. మేకలూ దూడలూ రాసుకున్నా తెలిసేది కాదు" అన్నారు.

అంతే. కింద మూడడుగులు జాజుకు, అంటే ఆ ఎర్రమట్టి పూతకు దగ్గరగా ఉండే ఇటుక రంగు, షీన్. పైన లేత చందనం, మ్యాట్. మేస్త్రీ దారం కొట్టి గీత తీసి, టేపు అంటించి రెండు రంగుల మధ్య అంచు కత్తిరించినట్టు తెచ్చాడు. ఆ గీత సోఫా వీపు ఎత్తుకే వచ్చేలా పెట్టమన్నాను, చూడ్డానికి గది కుదురుగా ఉంది. కింది పట్టీ మొత్తానికి నాలుగు లీటర్ల డబ్బా ఒకటి సరిపోయింది, కొంచెం మిగిలింది కూడా. ఖరీదైన రంగు కిందికే కాబట్టి గోడంతా షీన్ వేయించడం కంటే ఖర్చూ కలిసొచ్చింది.

వాడకంలో ఎలా ఉందంటే, వానాకాలంలో రోజూ ఇద్దరూ తడిసొచ్చి హాల్లోనే దులుపుకున్నారు. మగ్గు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క, మెత్తటి స్పాంజి, అంతే. కింది నుంచి పైకి తుడవాలి. పైనుంచి తుడిస్తే మురికి నీళ్లు పొడి గోడ మీద జారి చారలు కడతాయి. జిమ్మీ చోట జిడ్డు ఇప్పటికీ పడుతుంది, పదిహేను రోజులకోసారి తుడిస్తే గోడ మళ్లీ మామూలే. రంగు గుడ్డకు రావడం లేదు. పీచు మాత్రం దగ్గరికి రానివ్వకండి. రంగు వేసిన కొత్తలో కూడా కడగొద్దు, చేతికి ఆరినట్టే ఉన్నా పొర పూర్తిగా గట్టిపడడానికి వారాలు పడుతుంది.

లోపాలూ చెప్పాలి. షీన్ గోడలోని ప్రతి ఎగుడు దిగుడునూ బయటపెడుతుంది. సాయంత్రం పడమటి ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు లప్పం (రంగుకు ముందు గోడ నునుపుకు రాసే పుట్టీ) గీతలు కనబడుతున్నాయి. లప్పం పని మీద ఇంకో రోజు పెట్టించగలిగితే పెట్టించండి, రంగు మీద పెట్టే డబ్బుకంటే అది ముఖ్యం. రెండోది, మధ్యలో చిన్న ముక్కకు టచప్ చేస్తే ఆ ముక్క మెరుపు వేరుగా కనబడుతుంది, మూల నుంచి మూల వరకు వేయాల్సిందే. మూడోది గోళ్లు. కాలింగ్ బెల్లు మోగితే ఇద్దరూ వీధి తలుపు పక్క గోడ మీదికి ఎగురుతారు. ఏ ఎమల్షనూ కుక్క గోళ్లకు ఆగదు. ఆ ఒక్క చోట గోడకు పారదర్శకమైన యాక్రిలిక్ షీటు బిగించాం, సమస్య తీరింది.

ఇంత చూసి రంగు ఎంచుకున్నారు గదా, మరి కుక్కలకు ఏ రంగు నచ్చుతుందని చుట్టాలు అడుగుతుంటారు. కుక్క కంట్లో రంగును పట్టే కణాలు రెండు రకాలే, మనకు మూడు. నీలం, పసుపు వాటికి బాగా తెలుస్తాయి, ఎరుపు ఆకుపచ్చ మాత్రం మట్టిరంగు, పసుపు కలిసినట్టు కనబడతాయి. కాలిఫోర్నియాలో నైట్జ్, గైస్ట్, జేకబ్స్ అనే పరిశోధకులు 1989లోనే కుక్కలకు పరీక్షలు పెట్టి ఇది చూపించారు. కాబట్టి మన ఇటుక రంగు పట్టీ వాటికి మసక పసుపే, దాన్ని అవి పట్టించుకోవు. పనికొచ్చే సంగతి ఒకటుంది. ఎర్ర బంతి ఆ గోడ ముందు పండుకు సరిగ్గా కనబడేది కాదు, నీలం బంతి తెచ్చాక ఒక్క గెంతులో పట్టేస్తోంది.

మగ కుక్క గోడ మీద కాలెత్తే ఇళ్లవాళ్లకు ఒక మాట. అమ్మోనియా ఉన్న క్లీనరు వాడకండి, ఆ వాసన మూత్రం వాసనకు దగ్గరగా ఉండి మళ్లీ అక్కడికే వస్తాయి. పెంపుడు జంతువుల దుకాణాల్లో ఎంజైమ్ క్లీనర్లు దొరుకుతాయి, అవి వాడండి. మిగిలిన రంగు డబ్బా మూత గట్టిగా బిగించి, షేడ్ నంబరు, ఫినిషు పేరు మార్కర్‌తో మూత మీద రాసి దాచుకోండి. నంబరుంటే దుకాణం మెషిన్‌లో మళ్లీ అదే రంగు కలిపిస్తారు, ఒక లీటరు కావాలన్నా ఇస్తారు.