లియాన్ లీ ఓ11 డైనమిక్: వాటర్ లూప్ కట్టేవాళ్ల కోసం రివ్యూ

కంప్యూటర్ భాగాలను నీళ్లతో చల్లబరిచే కస్టమ్ వాటర్ కూలింగ్‌కి క్యాబినెట్ (కంప్యూటర్ పెట్టె) వెతికేవాళ్లు ముందు చూసేది, నీళ్ల వేడిని గాలికి వదిలే రేడియేటర్లు ఎన్ని పడతాయన్నదే. ఆ లెక్కలో ఓ11 డైనమిక్‌కి వంక పెట్టలేం. పైన ఒకటి, పక్కన ఒకటి, అడుగున ఒకటి, మొత్తం మూడు 360 మి.మీ. రేడియేటర్లు పడతాయి. ప్రాసెసర్లను మామూలు వేగానికి మించి నడిపే ఓవర్‌క్లాకర్ డెర్‌బావర్‌తో కలిసి రూపొందించి 2018లో విడుదల చేసిన ఈ క్యాబినెట్ ఇప్పటికీ లూప్ (నీళ్లు తిరిగే వలయం) కట్టేవాళ్ల నోట్లో నలుగుతోందంటే ఆ వెసులుబాటే కారణం. అయితే పడతాయి కదా అని మూడూ బిగించకండి. పైన ఒకటి, అడుగున ఒకటి పెట్టి, పక్క భాగాన్ని పంపుకీ రిజర్వాయర్‌కీ (నీళ్ల తొట్టి) వదిలేస్తేనే ఈ క్యాబినెట్ అసలు సత్తా తెలుస్తుంది.

ఎందుకో లెక్క చూద్దాం. ఫ్యాన్లు మోస్తరు వేగంతో తిరుగుతూ, నీళ్లు గది గాలి కంటే సుమారు 10 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నప్పుడు, రేడియేటర్‌లో ఒక ఫ్యాన్ పట్టే ఒక్కో 120 మి.మీ. భాగం దాదాపు 100 వాట్ల వేడిని బయటికి పంపుతుంది. ఇది మోటు లెక్కే అయినా ప్లాన్ వేసుకోవడానికి చాలు. ప్రాసెసర్ 150 వాట్లు, గ్రాఫిక్స్ కార్డ్ 350 వాట్లు తీసుకుంటే మొత్తం 500. రెండు 360 రేడియేటర్లంటే ఆరు భాగాలు, అంటే ఇంకా కొంత మిగులే. మూడోది పెడితే నీళ్ల వేడి మరో రెండు మూడు డిగ్రీలు తగ్గచ్చు. దానికోసం ఇంకో మూడు ఫ్యాన్లు, ట్యూబులు తగిలించే ఫిట్టింగ్‌లు కనీసం రెండు, పంపుకి చోటు లేకపోవడం, ఖాళీ చేసేటప్పుడు తిప్పలు. ఆ బేరం గిట్టదు.

ఇక పెట్టె సంగతి. లోపల రెండు గదులు. ముందు గదిలో మదర్‌బోర్డ్, వెనక గదిలో పవర్ సప్లై, డ్రైవ్‌లు, కేబుళ్లు. ముందూ పక్కా టెంపర్డ్ గ్లాస్. వెనక స్క్రూ విప్పి పై మూత జరిపితే పక్క గ్లాస్ పైకి వచ్చేస్తుంది కాబట్టి ట్యూబ్ కొలిచేటప్పుడు చేతులు తేలిగ్గా లోపలికి పెట్టచ్చు. హార్డ్ ట్యూబ్ (గట్టి ప్లాస్టిక్ గొట్టం) వంచేవాళ్లకి ఇది మామూలు సుఖం కాదు. పెట్టెతో పాటు ఫ్యాన్లు ఒక్కటీ రావు. 140 మి.మీ. ఫ్యాన్లు పట్టవు. వెనక ఫ్యాన్‌కి చోటే లేదు. ఈ చివరి విషయాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ప్రాసెసర్ మీద వాటర్ బ్లాక్ (వేడిని నీళ్లకి అందించే లోహపు దిమ్మ) ఎక్కితే దాని చుట్టూ ఉండే వీఆర్‌ఎమ్‌కి (ప్రాసెసర్‌కి కరెంటు సర్దే భాగం) గాలి ఆడదు. కాబట్టి పై రేడియేటర్ ఫ్యాన్లు గాలిని బయటికి లాగేలా, అడుగువి లోపలికి తోసేలా పెట్టాలి. అప్పుడే బోర్డు మీదుగా గాలి కదులుతుంది. అడుగు నుంచే గాలి పీల్చాలి కాబట్టి పెట్టెను కార్పెట్ మీద పెట్టకండి.

మందం దగ్గర అత్యాశ పనికిరాదు. 30 మి.మీ. రేడియేటర్, 25 మి.మీ. ఫ్యాన్ కలిపి 55. అదే 45 మి.మీ. రేడియేటర్ అయితే 70. పైన 55 దాకా ప్లాన్ చేసుకోండి. అంతకు మించితే మదర్‌బోర్డ్ పై అంచున ఉన్న 8 పిన్ పవర్ కనెక్టర్లు, ఎత్తయిన ర్యామ్ అడ్డొస్తాయి. రేడియేటర్ ఎక్కించాక ఆ 8 పిన్ కేబుల్ గుచ్చడానికి వేళ్లు దూరవు, ముందే గుచ్చేయాలి. అడుగున కూడా అంతే. యూఎస్‌బీ, ఫ్రంట్ ఆడియో కేబుళ్లు మదర్‌బోర్డ్ కింది అంచులోనే ఉంటాయి. అవి గుచ్చి, పక్కకి మళ్లించాకే రేడియేటర్ దించండి.

స్క్రూల విషయంలో మాత్రం కళ్లల్లో ఒత్తులు వేసుకోవాలి. 30 మి.మీ. స్క్రూ 25 మి.మీ. ఫ్యాన్‌లోంచి దూరి రేడియేటర్‌లోకి 5 మి.మీ. దిగుతుంది, అది సరిగ్గా ఉంటుంది. 35 మి.మీ. ది వాడితే 10 మి.మీ. దిగి నీళ్ల గొట్టానికి చిల్లు పెట్టే ప్రమాదం ఉంది. స్క్రూ రంధ్రం వెనక చిన్న రేకు అడ్డం పెట్టిన రేడియేటర్లు కొన్నే. ఫ్యాన్ లేకుండా క్యాబినెట్ రేకుకి నేరుగా బిగించేచోట 5, 6 మి.మీ. స్క్రూలే వాడాలి. ఎమ్3, ఎమ్4, 6-32 అని కంపెనీని బట్టి మర మారుతుంది కాబట్టి ఒక రేడియేటర్ డబ్బాలోని స్క్రూలు ఇంకోదానిలో కలపకండి. రేడియేటర్లు రెండూ రాగి, ఇత్తడివే అయి ఉండాలి. రాగి బ్లాక్ ఉన్న లూప్‌లో అల్యూమినియం రేడియేటర్ కలిపితే అల్యూమినియం తినేసుకుపోతుంది, ఏ కూలెంట్ (లూప్‌లో తిరిగే ద్రవం) పోసినా దాన్ని పూర్తిగా ఆపలేదు. బిగించే ముందు వేడి డిస్టిల్డ్ వాటర్ పోసి, ఊపి, వంచండి. టంకం ఫ్లక్స్, లోహపు పొడి రావడం ఆగేదాకా కడగాలి. లేకపోతే ఆ చెత్తంతా బ్లాక్‌లోని సన్న గాడుల్లో ఇరుక్కుంటుంది.

పక్క భాగంలో పెట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి డిస్ట్రో ప్లేట్, అంటే నీళ్ల దారులు లోపలే చెక్కిన ఆక్రిలిక్ పలక. ఈ క్యాబినెట్ కొలతలకే డీ5 అనే రకం పంపుతో సహా చేసిన ప్లేట్లను ఈకే లాంటి వాటర్ కూలింగ్ కంపెనీలు తెచ్చాయి. ట్యూబులు తిన్నగా వెళ్తాయి, వంపులు తగ్గుతాయి, చూడ్డానికి అద్భుతం. కానీ ప్లేట్ మీద పోర్టులు కదలవు. రేడియేటర్ పోర్టులు ఒక్కో కంపెనీవి ఒక్కోచోట ఉంటాయి. ఈ రెండూ ఎదురెదురు వస్తాయన్న నమ్మకం లేదు. 5 మి.మీ. తేడా వచ్చినా ఆఫ్‌సెట్ ఫిట్టింగో, ఎస్ ఆకారపు వంపో తప్పదు. పైగా మదర్‌బోర్డ్‌కి కరెంటిచ్చే 24 పిన్ కేబుల్ వచ్చే కంతలు ఆ పక్కనే ఉంటాయి కాబట్టి కేబుల్ దారి ముందే తేల్చుకోవాలి. నీళ్లు పోసే ముందు ప్లేట్ చుట్టూ ఉన్న స్క్రూలు ఎదురెదురు వరుసలో ఒకసారి సరిచూడండి. ఆక్రిలిక్‌లో ఫిట్టింగ్ ఎక్కించేటప్పుడు చేత్తో తిప్పితే చాలు. ఫిట్టింగ్‌ల జి 1/4 మర దగ్గర నీళ్లు ఆపేది ఓ-రింగ్ (రబ్బర్ వలయం), మన బలం కాదు. ఎక్కువ బిగిస్తే ఆక్రిలిక్ చీలుతుంది.

రెండో దారి, మామూలు పంపు-రిజర్వాయర్ జోడీని ఫ్యాన్ చట్రానికి బిగించి మెత్తటి ట్యూబు వాడటం. మొదటిసారి కట్టేవాళ్లకి మేం చెప్పేది ఇదే. 10/16 మి.మీ. ఈపీడీఎమ్ రబ్బర్ ట్యూబ్ నల్లగా ఉంటుంది, షోకుగా ఉండదు, కానీ పీవీసీలా ప్లాస్టిసైజర్ (మెత్తదనం కోసం కలిపే రసాయనం) వదిలి బ్లాకుల్లో జిగురు పేరుకునే గొడవ లేదు. ట్యూబు ఏ వరుసలో తిప్పాలన్న చర్చకి అంత సమయం పెట్టక్కర్లేదు. నిమిషానికి 3.8 లీటర్ల ప్రవాహంలో 500 వాట్ల వేడి కలిసినా, లూప్‌లో ఎక్కడ కొలిచినా తేడా 2 డిగ్రీల లోపే. చూడాల్సింది ఒక్కటే, రిజర్వాయర్ నీళ్లు నేరుగా పంపులోకి దిగాలి. డీ5 బేరింగ్‌కి నీళ్లే కందెన, ఎండుగా తిరిగితే పాడవుతుంది.

లీక్ టెస్ట్ గాలితో చేయండి. ప్రెజర్ గేజ్ ఉన్న చేతిపంపుతో 0.5 బార్ దాకా ఎక్కించి పావుగంట వదలండి. ముల్లు కదలకపోతేనే నీళ్లు. తర్వాత మదర్‌బోర్డ్, గ్రాఫిక్స్ కార్డ్ కేబుళ్లు తీసేసి, 24 పిన్ కనెక్టర్‌కి జంపర్ (మదర్‌బోర్డ్ లేకుండానే పవర్ సప్లై ఆన్ చేసేది) పెట్టి పంపు ఒక్కదానికే కరెంటు ఇవ్వాలి. రిజర్వాయర్ నింపడం, మూడు నాలుగు సెకన్లు పంపు తిప్పడం, మట్టం పడిపోకముందే ఆపడం, మళ్లీ నింపడం. పై రేడియేటర్ ఈ లూప్‌లో అన్నిటికన్నా ఎత్తులో ఉంటుంది. గాలి అక్కడే కూర్చుంటుంది. పంపు ఆపి పెట్టెను నెమ్మదిగా అటూ ఇటూ వంచితే బుడగలు కదులుతాయి. రెండు చివరలా పోర్టులున్న రేడియేటర్ కొంటే రెండో చివర పోర్టు గాలి వదలడానికి పనికొస్తుంది. ఆ కాస్త ఎక్కువ ఖర్చు పెట్టదగిందే.

ఈ క్యాబినెట్‌లో అసలు లోటు ఖాళీ చేసేటప్పుడు తెలుస్తుంది. అడుగు రేడియేటర్ లూప్ మొత్తానికీ కింద ఉంటుంది. పంపు దగ్గర డ్రెయిన్ వాల్వ్ పెడితే రేడియేటర్‌లోని నీళ్లు అక్కడే నిలిచిపోతాయి, బయటికి రావు. కాబట్టి అడుగు రేడియేటర్ పోర్టు దగ్గరే టీ ఫిట్టింగ్ పెట్టి, దాని మూడో నోటికి బాల్ వాల్వ్, ఆ తర్వాత మూత బిగించండి. గ్లాస్ తీశాక గొట్టం తగిలించడానికి వీలుగా వాల్వ్ నోరు గ్లాస్ వైపు తిరిగి ఉండాలి. పైన రిజర్వాయర్ మూత తీయకుండా వాల్వ్ తిప్పితే కాసిని నీళ్లు కారి ఆగిపోతాయి. గాలి లోపలికి వెళ్లాలి కదా. చివర్లో మిగిలినవి పెట్టెను వాల్వ్ వైపు ఒంపితే వచ్చేస్తాయి. ఏడాదికోసారి కూలెంట్ మార్చాలి కాబట్టి ఈ టీ ఫిట్టింగ్ దగ్గర పొదుపు చేయకండి. పాల రంగులో మెరిసే పిగ్మెంట్ కూలెంట్లు అడుగు రేడియేటర్లో మడ్డిలా దిగిపోతాయి. ఈ అమరికకి రంగులేని కూలెంటే సరైంది.

మందపు 60 మి.మీ. రేడియేటర్లు, 140 మి.మీ. ఫ్యాన్ల నిశ్శబ్దం కోరుకునేవాళ్లు వేరే పెట్టె చూసుకోవడం మేలు. రెండు సన్నటి 360 రేడియేటర్లు, ఒక డీ5, ఒక ప్రాసెసర్ బ్లాక్, ఒక కార్డ్ బ్లాక్ అనుకున్నవాళ్లు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. ఆరు ఫ్యాన్ల ఖర్చును మాత్రం మొదటి రోజే బడ్జెట్‌లో వేసుకోండి.