బత్తాయి తోట నేల సంగతి తేల్చేదెవరు: భూసార పరీక్షా, నులిపురుగులా?

బత్తాయి తోటలో ఆకు చిన్నదై, పసుపు తిరిగి, కొమ్మలు కొసల నుంచి ఎండుతుంటే చాలామంది మట్టిని భూసార పరీక్షకు పంపి, రిపోర్టు రాగానే జింకు, మాంగనీసు కొట్టేస్తారు. అందులో తప్పేం లేదు. కాకపోతే ఆ కాగితం నేలలో ఎంత సరుకుందో చెబుతుంది, దాన్ని వేరు అందుకోగలుగుతోందా అన్నది చెప్పదు.

భూసార పరీక్ష ఫలితాలతో ఇచ్చే, 2015లో వచ్చిన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలుంటాయి. ఉదజని సూచిక (pH), లవణాలు, సేంద్రియ కర్బనం, మిగతావి పోషకాలు. ఎరువుల మోతాదు తేల్చుకోవడానికి ఇదే మేలు. చౌడు, సున్నం ఎక్కువున్న నేలల్లో అయితే ఇది లేకుండా మొక్క నాటకూడదు. ఇబ్బందల్లా కర్బనం దగ్గరే, అది పెరగడానికి ఏళ్లు పడుతుంది. పోయినేడు దున్నకం మానేసి, గడ్డి కోసి పాదుల్లో పరిచిన రైతుకు ఈ ఏడు కార్డులో పెద్దగా తేడా కనబడదు.

మట్టిలో ఉండే, మైక్రోస్కోపుతో చూడాల్సిన సన్నటి నులిపురుగుల్లో (నెమటోడ్లు) ఆ తేడా ముందే తెలుస్తుంది. నులిపురుగు అనగానే వేరు తినే శత్రువే గుర్తొస్తుంది గానీ, మట్టిలో రకరకాలవి ఉంటాయి. మైక్రోస్కోపు కింద నోరు చూస్తే ఎవరి తిండి ఏమిటో చాలావరకు తెలిసిపోతుంది. బాక్టీరియా మేసేవాటికి గొట్టం లాంటి నోరు, వేరును పీల్చేవాటికి సూది, తోటి పురుగుల్ని పట్టి తినే మోనాంకస్‌కు గట్టి పన్ను. 1990లో టామ్ బాంగర్స్ అనే డచ్ శాస్త్రవేత్త వీటిని 1 నుంచి 5 దాకా మెట్లుగా పేర్చాడు. పేడ ఎరువు పడగానే రోజుల్లో పెరిగేవి 1. నిదానంగా పెరిగి, నేలను కదిలిస్తే ముందుగా పోయేవి 5. వేరు తినేవాటిని పక్కనపెట్టి మిగతావాటి మెట్ల సగటు తీస్తే పరిపక్వత సూచిక వస్తుంది; అది ఎక్కువుంటే నేల కదలకుండా నిలకడగా ఉన్నట్టు.

ఈ లెక్క చేనుకన్నా తోటకే బాగా నప్పుతుంది. వేరుశనగ చేను ఏటా దున్నక తప్పదు, పై మెట్ల పురుగులు అక్కడ నిలవవు. తోటలో చెట్ల కింద నేల ఏళ్ల తరబడి కదలకుండా ఉండొచ్చు. అక్కడా అవి లేవంటే రోటవేటరో, గుళికల మందో దెబ్బ కొడుతోందేమో చూసుకోవాలి. జీవామృతం పోసిన కొద్దిరోజులకే మట్టి తీసి, పురుగులు బోలెడున్నాయని మాత్రం మురిసిపోకండి. మేత దొరికిన 1వ మెట్టువే అప్పుడు ఎక్కువగా కనిపిస్తాయి.

చెట్టు ఇప్పటికే నీరసిస్తుంటే ఈ సూచికలన్నీ తర్వాత. ముందు వేరు తినేవాటి లెక్క కావాలి. బత్తాయి, నిమ్మ తోటల్లో అసలు దొంగ టైలెంక్యులస్ సెమిపెనెట్రాన్స్ అనే నులిపురుగు. ఆడపురుగు తల వైపు సగం వేరులో దూర్చి, మిగతా సగం బయట పెట్టి, జిగురులో గుడ్లు పెడుతుంది. ఆ జిగురుకు మట్టి పట్టేస్తుంది. పీచు వేర్లను బకెట్ నీళ్లలో జాడించినా మురికిగానే కనిపిస్తే అనుమానించాల్సిందే. జామ, దానిమ్మల్లో వేరుముడి పురుగు వల్ల వచ్చే బుడిపెలు ఇక్కడ కనబడవు, అందుకే చాలామంది దీన్ని పోల్చుకోలేరు.

నా ఓటు ఇలా: ఎరువుల కోసం కార్డు, ఎండుతున్న తోటకు వేరు పురుగుల లెక్క, ప్రకృతి సేద్యంలోకి మారుతున్న తోటకు మొత్తం నులిపురుగుల పరీక్ష. మూడోదానికి చిక్కేమిటంటే, అన్ని రకాలనూ గుర్తుపట్టగల నిపుణులు తక్కువ. దొరికితే ఏటా ఒకే కాలంలో, పక్కనే దున్నని గట్టు మట్టితో పోల్చి చేయించండి.

కార్డుకు తీసిన మట్టినే దీనికీ పంపకండి. దాన్ని నీడలో ఆరబెడతారు, నులిపురుగులకు తడి ఉండాలి. కొమ్మల అంచు కింద, డ్రిప్పర్ దగ్గర, 15 నుంచి 30 సెంటీమీటర్ల లోతున పీచు వేర్లతో సహా తీసి, పాలిథిన్ కవర్లో కట్టి, ఎండ తగలకుండా వెంటనే ల్యాబ్‌కు చేర్చండి. ఎండిన మట్టిలో పురుగులేమీ లేవని రిపోర్టు వస్తే దాన్ని నమ్మడానికి లేదు.