సైకిల్ యాత్రలో వంటకి ఏ స్టవ్ మేలు: గ్యాసా, స్పిరిటా, పెట్రోలా?

విమానంలో స్టవ్ ఇంధనం చుక్క కూడా ఎక్కనివ్వరు. గ్యాస్ అయినా, స్పిరిట్ అయినా, పెట్రోల్ అయినా దిగాక అక్కడే కొనాలి. కాబట్టి తెలియని దేశంలో సైకిల్ తొక్కుతూ, ఊళ్లకు దూరంగా టెంట్ వేసుకుని వండుకునేవాళ్లు ముందు చూడాల్సింది మంట వేగం కాదు. జనసంచారం లేని దారిలోకి దిగేముందు వచ్చే ఆఖరి ఊళ్లో ఏ ఇంధనం అమ్ముతారన్నది.

వాడకంలో గ్యాస్‌కి సాటి లేదు. డబ్బా మీద స్టవ్ తిప్పి బిగించి అంటించడమే. చిన్న స్టవ్ బరువు 100 గ్రాములు దాటదు. గాలి లేనిచోట లీటరు నీళ్లు మరగడానికి 12–15 గ్రాముల గ్యాస్ చాలు. రోజుకి లీటరున్నర మరిగించే ఒక మనిషికి 230 గ్రాముల డబ్బా పది నుంచి పన్నెండు రోజులు వస్తుంది.

ఇబ్బంది డబ్బా మూతి దగ్గర మొదలవుతుంది. ఎక్కువ స్టవ్‌లు మరలున్న డబ్బాకే సరిపోతాయి. ఫ్రాన్స్‌లో చిన్న ఊళ్లకు వెళ్తే క్యాంపింగాజ్ అనే కంపెనీ వాళ్ల, మరలు లేని క్లిక్ వాల్వ్ డబ్బాలే కనబడొచ్చు. జపాన్, దక్షిణ కొరియాల్లో మామూలు దుకాణాల్లో దొరికేవి పొడుగాటి డబ్బాలు. వీటికి తగిన అడాప్టర్ ముందే సంచిలో ఉండాలి.

రెండో ఇబ్బంది చలి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ఐసోబ్యూటేన్ సుమారు మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా లాగుతాయి. డబ్బాలో ఉండే ఈ గ్యాస్‌ల మిశ్రమంలో ప్రొపేన్ ముందు అయిపోతుంది కాబట్టి, సగం వాడిన డబ్బా చలి పొద్దున మొండికేస్తుంది. లోతు లేని గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి అందులో నిలబెడితే మంట లేస్తుంది. గాలి తెరను (మంటకి గాలి తగలకుండా అడ్డం పెట్టే రేకును) మాత్రం డబ్బా చుట్టూ పూర్తిగా మూయకండి. వేడి లోపలే ఉండిపోయి డబ్బా పేలొచ్చు.

స్పిరిట్, అంటే మండించే ఆల్కహాల్, పోసి వాడే స్టవ్‌లో కదిలే భాగమే లేదు, చెడడానికీ ఏమీ లేదు. కొంపలంటుకోకుండా చూసుకోవాల్సింది ఒక్కటే: ఎండలో దాని మంట కంటికి కనబడదు. ఆరిపోయిందనుకుని సీసాలోంచి పోస్తే మంట సీసాలోకి పాకుతుంది. స్పిరిట్ పోసే కప్పు చేత్తో పట్టుకునేంత చల్లారాకే మళ్లీ నింపాలి. స్పిరిట్‌లో పదోవంతు నీళ్లు కలిపితే గిన్నెకి మసి తగ్గుతుంది. లీటరు నీళ్లు మరగడానికి పది నిమిషాల దాకా పడుతుంది, ఇంధనం కూడా గ్యాస్ కంటే ఎక్కువే. అంటే రోజులు పెరిగేకొద్దీ ఎక్కువ స్పిరిట్ మోయాలి. అక్కడికి స్టవ్ తేలికన్న లాభం పోయినట్టే. నార్వే, స్వీడన్, ఫ్రాన్స్‌లలో స్పిరిట్ సులువుగా దొరుకుతుంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాల అడవుల్లో ఎండాకాలం నిప్పు నిషేధాలున్నప్పుడు, తిప్పి ఆపే వాల్వ్ ఉన్న స్టవ్‌లనే చాలాచోట్ల ఒప్పుకుంటారు. అప్పుడు స్పిరిట్ పనికిరాదు.

ఇక పెట్రోల్. వాహనం తిరిగే ప్రతిచోటా ఇది దొరుకుతుంది, దీని బలమంతా అదే. లీటరు నీళ్లకి సుమారు 20 మిల్లీలీటర్లు. చలి, ఎత్తు దీన్ని ఆపలేవు. కానీ పంపు స్టవ్ తెలిసినవాళ్లకే దీని తిక్క తెలుస్తుంది. సీసాని గీత దాకానే నింపాలి, పైన గాలికి చోటుండాలి. 20 సార్లు పంపు కొట్టి, అర చెంచా పెట్రోల్ బర్నర్ కింది కప్పులోకి వదిలి అంటిస్తే మొదట పసుపు మంట అడుగెత్తు లేస్తుంది. అది తగ్గి గొట్టం బాగా వేడెక్కాకే వాల్వ్ మెల్లగా తెరవాలి. తొందరపడితే పెట్రోల్ ఆవిరి కాకుండా చుక్కలుగానే వచ్చి మంట మళ్లీ ఎగుస్తుంది. టెంట్ ముందు వసారాలో ఈ పని ఎప్పుడూ వద్దు.

మంట నీరసించి పసుపు తిరిగితే నాజిల్‌లో మసి చేరిందన్నమాట. పిన్నుతో పొడిచి శుభ్రం చేయాలి. పంపు ఒత్తిడి నిలవకపోతే లోపలి వాషర్ ఎండింది. రెండు చుక్కల నూనె రాస్తే సర్దుకుంటుంది. ఓ-రింగులు (కారకుండా ఆపే రబ్బరు రింగులు), ఒక పిన్ను అదనంగా ఉంచుకోండి. ఆక్టేన్ ఎంతన్నది స్టవ్‌కి పట్టదు, సీసం లేనిదైతే చాలు. డీజిల్ జోలికి పోవద్దు. పేర్లు తికమక పెడతాయి: స్పెయిన్‌లో గసోలీనా అంటే పెట్రోల్, గసోలియో అంటే డీజిల్, జర్మనీలో పెట్రోలియం అంటే కిరోసిన్. పెట్రోల్ బంకులో అర లీటరు పోయనంటే, పక్కన నింపుకుంటున్న బండివాళ్లని అడిగి డబ్బులిచ్చి పట్టించుకోవచ్చు. తిరుగు ప్రయాణంలో వాసన పోయేదాకా కడిగి ఆరబెట్టినా, వాడిన పెట్రోల్ స్టవ్‌ని కొన్ని ఎయిర్‌లైన్లు ఒప్పుకోవు. టిక్కెట్ కొనేముందే అడగాలి.

మా తీర్పు ఇది. పశ్చిమ యూరప్‌లో రెండు మూడు వారాలైతే గ్యాస్, అడాప్టర్‌తో సహా. ఉత్తర దేశాల్లో ఒంటరిగా, నిదానంగా తిరిగేవాళ్లకి స్పిరిట్. చప్పుడు లేకపోవడం రాత్రి ఎవరి కంటా పడకుండా దిగేవాళ్లకి పెద్ద వరం. మధ్య ఆసియా కొండల్లోని పామీర్ హైవే, దక్షిణ అమెరికాలోని ఆండీస్ ఎత్తులు, ఇద్దరు ముగ్గురు కలిసి నెలల తరబడి ప్రయాణం అయితే పెట్రోలే. ఈ మూడిటిలో దేనికీ చెందని దారైతే, పెట్రోల్‌తో పాటు గ్యాస్ కూడా తీసుకునే మల్టీఫ్యూయెల్ స్టవ్ కొనండి. బరువు అర కిలో దగ్గరికి వచ్చినా దారి మారినప్పుడు చేయి ఖాళీ అవదు. మూడిట్లో ఏదైనా మూసిన టెంట్‌లో వెలిగించకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

పెట్రోల్ సీసా తిండి సంచిలో వద్దు. ఫ్రేమ్ కింది గొట్టానికి బాటిల్ కేజ్ వేసి అందులో పెట్టి, పైన పట్టీ బిగించాలి. రాళ్ల దారి అదురుకి కేజ్ బోల్టులు వదులవుతాయి, సీసా మూత కూడా. సాయంత్రం సైకిల్ దిగగానే రెండూ చేత్తో తిప్పి చూడండి.