సర్వీస్ రిమైండర్: లెక్క బాగానే వేస్తుంది, బండిని మాత్రం చూడదు

డాష్‌బోర్డు మీద స్పానర్ గుర్తు వెలిగితే తప్ప సర్వీసు సంగతి గుర్తురాని ఓనర్లు చాలామందే ఉన్నారు. ఇప్పుడొచ్చే కార్లలో దాదాపు అన్నిటికీ ఈ సర్వీస్ రిమైండర్ ఉంటుంది కాబట్టి, టైరునో బ్యాటరీనో పరీక్షించినట్టే దీన్నీ పరీక్షించి చూడాలి. ఇది ఏం కొలుస్తుంది? ఏం కొలవదు? దీన్నే నమ్ముకుంటే ముందు ఏది దెబ్బతింటుంది? ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలో చెప్పడంలో ఇది మంచి పరికరం. కానీ బండిలో నడిస్తే అరిగేవి కొన్ని, ఊరికే నిలబెట్టినా పాడయ్యేవి కొన్ని ఉంటాయి. రెండో రకం విషయంలో చాలా రిమైండర్లు ఎందుకూ పనికిరావు.

వీటిలో ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది కిలోమీటర్లు, నెలలు మాత్రమే లెక్కపెడుతుంది. కంపెనీ పెట్టిన గడువు, ఉదాహరణకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అప్పుడు వెలుగుతుంది. బండి ఎలా నడిచిందో దానికి అక్కర్లేదు. రెండోది ఆయిల్ లైఫ్ మానిటర్. జనరల్ మోటార్స్ 1988లో తన బ్రాండు ఓల్డ్స్‌మొబీల్ కార్లలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత వేడిలో తిరిగింది అన్నదాన్ని బట్టి ఆయిల్ ఇంకా ఎంత శాతం పనికొస్తుందో అంచనా కడుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేసే చిన్న చిన్న ప్రయాణాలకు ఎక్కువ కోత వేస్తుంది, హైవే మీద సాఫీగా సాగిన కిలోమీటర్లకు తక్కువ. కోత అలా వేయడమే సరైనది. చిన్న ప్రయాణాల్లో ఆయిల్‌లోకి దిగిన పెట్రోలుకూ తేమకూ ఆవిరై పోయేంత వేడి దొరకదు. ఒకేలాంటి రెండు బండ్లు చెరో 5,000 కిలోమీటర్లు తిరిగినా ఒకదాని ఆయిల్ పలచబడి ఉండొచ్చు, రెండోదాంట్లో బాగానే ఉండొచ్చు. ఓడోమీటరు మాత్రమే చూసే ఓనరుకు ఈ తేడా తెలిసే దారి లేదు. ఇంత మేరకు మానిటరుకు మంచి మార్కులే వేయాలి.

అయితే చాలా కార్లలో ఆ శాతం ఏ సెన్సారూ ఆయిల్‌ను పరీక్షించి చెప్పింది కాదు. మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోశారన్న నమ్మకంతో వేసిన లెక్క అది. 0డబ్ల్యు-20 అనే పలచటి గ్రేడు సింథటిక్ ఆయిల్ పోయాల్సిన చోట చవక మినరల్ ఆయిల్ పోసినా దానికి తెలియదు. ఆయిల్ తగ్గిపోతున్నా తెలియదు. తెర మీద 40 శాతం కనబడుతుండగానే ఆయిల్ మట్టం చూసే పుల్ల, అంటే డిప్‌స్టిక్ మీద ఆయిల్ కింది గీత దాటి దిగిపోవచ్చు. చాలా ఇంజిన్లలో పై గీతకూ కింది గీతకూ మధ్య ఉండేది సుమారు ఒక లీటరే. ఆయిల్ కాస్త తాగే ఇంజిన్‌కు అదేమీ పెద్ద లెక్క కాదు.

అందుకని నెలకోసారి బానెట్ ఎత్తాల్సిందే. బండిని సమతలంగా ఉన్న చోట నిలిపి, ఇంజిన్ ఆపి, ఆయిల్ కిందికి దిగడానికి పది నిమిషాలు ఆగాలి. పుల్ల తీసి తుడిచి, మళ్లీ పూర్తిగా దించి, తీసి చూడాలి. మొదటిసారి తీసినప్పుడు కనబడే మరకను నమ్మకూడదు. తక్కువుంటే ఒకేసారి లీటరు కుమ్మరించకుండా పావు లీటరు చొప్పున పోసి చూసుకోవాలి. డీజిల్ బండ్లలో ఇంకో సంగతి ఉంది. పొగ ఫిల్టర్ తనలో పేరుకున్న మసిని కాల్చుకునే పని మధ్యలో పదే పదే ఆగిపోతుంటే డీజిల్ ఆయిల్‌లోకి దిగి, మట్టం తగ్గే బదులు పెరుగుతుంది. పై గీత దాటి, డీజిల్ వాసన వస్తుంటే ఎంత శాతం మిగిలి ఉన్నా ఆయిల్ మార్చేయాలి. ఇక ఎర్రగా వెలిగే ఆయిల్ డబ్బా గుర్తుకు రిమైండరుతో సంబంధమే లేదు. అది ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని చెప్పే గుర్తు. అది కనబడితే షెడ్డు దాకా పోనివ్వకుండా పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపాలి. ఈ రెండు గుర్తులనూ ఒకటే అనుకున్నందుకు పోయిన ఇంజిన్లు తక్కువేమీ కాదు.

రిమైండర్లలో మెచ్చుకోదగ్గది హోండా మెయింటెనెన్స్ మైండర్. 15 శాతానికి దిగగానే సర్వీసు దగ్గరపడిందంటుంది, 5 శాతానికి ఇక చేయించమంటుంది. ఆయిల్‌తో ఆగకుండా పక్కన అంకెలు కూడా చూపిస్తుంది. 1 వస్తే టైర్ల స్థానాలు మార్చాలి, 2 వస్తే ఎయిర్ ఫిల్టర్లు, 3 వస్తే గేర్‌బాక్స్ ఆయిల్, 4 వస్తే స్పార్క్ ప్లగ్గులు, 5 వస్తే కూలెంట్. ఆ అంకెను చూసి వెళ్లే ఓనరుకు సర్వీసు కౌంటర్లో అనవసరమైన పనులు అంటగట్టడం కష్టం. ఇంత చేసిన ఆ కంపెనీ కూడా చాలా మాన్యువళ్లలో బ్రేక్ ఆయిల్ గురించి విడిగా ఒక మాట రాసింది: మైండర్ ఏం చెప్పినా సరే, మూడేళ్లకోసారి మార్చమని.

ఆ ఒక్క వాక్యాన్ని జాగ్రత్తగా చదవాలి. బ్రేక్ ఆయిల్ కిలోమీటర్లతో పాడవదు, కాలంతో పాడవుతుంది. వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లినట్టు అది గాలిలో తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. రబ్బరు గొట్టాల గుండా కూడా తేమ లోపలికి చేరుతుంది. డాట్ 3, డాట్ 4 అనేవి బ్రేక్ ఆయిల్ రకాలు. డాట్ 4 కనీస ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కు పడిపోతుంది. డాట్ 3కైతే 205 నుంచి 140కి. మామూలుగా నడిపేటప్పుడు తేడా ఏమీ తెలియదు. పొడుగాటి ఘాట్ దిగుతూ బ్రేకు మీదే కాలు ఉంచినప్పుడు చక్రం దగ్గర బ్రేక్ ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ దగ్గర ఆయిల్ మరిగి ఆవిరవుతుంది. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. పైగా ఆ తేమకు బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్ లోపలి కవాటాలు తుప్పు పడతాయి. వాటి మరమ్మతు ముందు బ్రేక్ ఆయిల్ ఖర్చు ఏ మూలకూ రాదు.

చాలా కంపెనీలు చెప్పే గడువు రెండేళ్లు. మాన్యువల్‌లో వేరే గడువు రాసి ఉంటే అదే పాటించాలి. మార్చడమంటే రిజర్వాయరులో పాతది పీల్చేసి కొత్తది నింపడం కాదు. అలా చేస్తే పైన మాత్రమే మెరుస్తుంది, క్యాలిపర్ల దగ్గర పాతదే ఉంటుంది. మాన్యువల్‌లో చెప్పిన వరసలో నాలుగు చక్రాల దగ్గర ఆయిల్ బయటికి తీసే బ్లీడర్ నిపుల్స్ నుంచీ పాత రంగు పోయి కొత్త రంగు వచ్చేదాకా తీయాలి. మధ్యలో రిజర్వాయరు ఖాళీ అయితే గాలి చొరబడి పని మళ్లీ మొదటికొస్తుంది. సీలు విప్పిన డబ్బాలో మిగిలింది వచ్చే సర్వీసుకు దాచొద్దు. ఆ ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి, పెయింటును తినేస్తుంది. ఇంకొకటి: మట్టం మెల్లగా తగ్గుతుంటే పోసి ఊరుకోకూడదు. బ్రేక్ ప్యాడ్లు అరిగితే మట్టం దిగుతుంది, లీకున్నా దిగుతుంది. ముందు ఆ రెండూ చూడాలి.

ఇంజిన్‌లో వాల్వులనూ పిస్టన్లనూ ఒకే లయలో నడిపే టైమింగ్ బెల్టుకు కిలోమీటర్ల గడువుతో పాటు ఏళ్ల గడువూ ఉంటుంది. కిలోమీటర్లు తక్కువే కదా అని వదిలేసేవాళ్లు దీని దగ్గరే ఎక్కువ నష్టపోతారు. చాలా ఇంజిన్లలో బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి హెడ్డు విప్పాల్సి వస్తుంది. మార్పించేటప్పుడు బెల్టును బిగించి ఉంచే టెన్షనర్, దాన్ని దారిలో నడిపే ఐడ్లర్ పుల్లీలు, ఆ బెల్టుతోనే తిరిగేదైతే వాటర్ పంపు కూడా కలిపి మార్పించాలి, ఎందుకంటే కూలీ అంతా విప్పడంలోనే ఉంది. ‘జీవితకాలం’ అని రాసి వచ్చే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌కు రిమైండరే ఉండదు. అలాంటి గేర్‌బాక్సులు తయారుచేసే జర్మన్ కంపెనీ జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్ల లోపు మార్చమంటుంది. ఇక్కడ గేర్‌బాక్స్ తయారీదారు మాటే వినాలి. కూలెంట్ విషయంలో రంగు చూసి కలపొద్దు, మాన్యువల్‌లోని ప్రమాణం చూసి పోయాలి. గాఢంగా ఉండేదైతే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం.

టైర్ల వయసు రిమైండరుకు తెలియదు. టైరు పక్క గోడ మీద DOT అక్షరాలతో మొదలయ్యే కోడు చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. అయిదేళ్లు దాటాక ఏటా పగుళ్ల కోసం చూపించాలి, పదేళ్లు నిండితే గాడి ఎంత లోతున్నా తీసేయాలి. స్టెప్నీకీ ఇదే లెక్క. బ్యాటరీని రాత్రంతా ఆపి ఉంచిన బండిలో మల్టీమీటరుతో చూస్తే 12.6 వోల్టులు ఉండాలి, 12.2 అంటే చార్జింగ్ సగమే మిగిలినట్టు.

ఈ పరికరంలో పెద్ద లోపం దాన్ని రీసెట్ చేసే తీరు. ఆయిల్ మార్చకుండానే బటన్ నొక్కి 100 శాతం చేయొచ్చు. ఆయిల్ మార్చి, నొక్కడం మర్చిపోనూవచ్చు. అప్పుడు పాత లెక్కే కొనసాగి, కొత్త ఆయిల్‌ను తొందరగా పారబోయిస్తుంది. కాబట్టి సర్వీసు ముగిశాక తెర మీద అంకెను కాకుండా బిల్లులో ఆయిల్ గ్రేడు, ఎన్ని లీటర్లు పోశారు, ఫిల్టర్ నంబరు ఉన్నాయో లేదో చూసుకోవాలి. డిప్‌స్టిక్ తీసి చూసి, డ్రెయిన్ ప్లగ్ కింద చుక్క లేదని నిర్ధారించుకున్నాకే బండి కదిలించాలి. సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నవాళ్లు రిమైండర్ చూపించేదాన్ని లెక్కలోకే తీసుకోవద్దు. బిల్లులు లేకపోతే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్, బ్రేక్ ఆయిల్ కొన్న వారంలోనే మార్పించి, టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ అయితే దాన్నీ మార్పించి, ఆ రోజు తేదీ, ఓడోమీటరు అంకె ఒక కాగితం మీద రాసి బానెట్ లోపల అతికించాలి.